నెల సూదికి వచ్చిన రోజే టీకా కూడా: స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఉన్నవాళ్లకి ఎలా వేయించాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరులో ఉండే అన్నయ్యకి 43 ఏళ్లు. పదేళ్లు దాటిన స్కిజోఫ్రీనియా. నెలకోసారి ఫ్లూఫెనజిన్ సూది, రాత్రి ఒలాంజాపిన్, రోజూ టీహెచ్‌పీ మాత్ర (ఆ మందుల వల్ల వచ్చే వణుకు, బిగుతు తగ్గడానికి ఇచ్చేది). షుగరు ఉంది, బీడీలు మానలేదు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించమని ఫిజీషియన్ రాశారు, అన్నయ్యేమో వద్దంటున్నాడు. "నెల సూది అని చెప్పి వేయించేయొచ్చా? ఆ రోజు మాత్రలు ఆపాలా?" అని తమ్ముడు అడిగారు. కింద ఇంకో ఇద్దరు, లిథియం వాడే అమ్మ గురించి ఒకరు, క్లోజాపిన్ మీద ఉన్న కొడుకు గురించి ఒకరు అడిగారు. అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు ఆ రెండింటికీ జవాబు: అబద్ధం చెప్పి వేయించొద్దు. మాత్రలు ఆపొద్దు. ఒక్క పూట కూడా.

అబద్ధం సంగతి ముందు చూద్దాం, ఇళ్లల్లో ఎక్కువగా వచ్చే ఆలోచన అదే కాబట్టి. పదేళ్లుగా నెల సూది వేయించుకుంటున్న మనిషికి ఆ సూది ఎలా ఉంటుందో మనకంటే బాగా తెలుసు. ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ నువ్వుల నూనెలో కలిపిన చిక్కటి మందు, లావు సూదితో తుంటి కండలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. టీకా నీళ్లలా పలచగా ఉంటుంది, సన్నటి సూదితో భుజానికి రెండు క్షణాల్లో అయిపోతుంది. "ఈసారి చేతికి ఎందుకేశారు?" అని ఆయన అక్కడే అడుగుతాడు. అడక్కపోతే ఇంకా కష్టం, మనసులో పెట్టుకుంటాడు. ఎవరో తనకి తెలియకుండా తన ఒంట్లోకి ఏదో ఎక్కిస్తున్నారన్న అనుమానమే జబ్బుగా ఉన్న మనిషికి, ఆ అనుమానం నిజమేనని మనం చేతులారా రుజువు చేసినట్టు అవుతుంది. వచ్చే నెల అసలు సూదికి రానంటాడు. ఫ్లూ టీకా కాపాడేది ఒక సీజన్. నెల సూది రెండుసార్లు తప్పితే జబ్బు తిరగబెట్టి ఆసుపత్రి మెట్లెక్కాల్సి రావచ్చు. ఈ బేరంలో ఎటు చూసినా నష్టమే.

మాత్రల సంగతి. "టీకా వేసుకుంటే పిచ్చి మందులు రెండు రోజులు ఆపాలట" అనే మాట కోవిడ్ టీకాల రోజుల్లో బాగా తిరిగింది, ఇంకా పోలేదు. ఒలాంజాపిన్, రిస్పెరిడోన్, హలోపెరిడాల్, లిథియం, వాల్‌ప్రోయేట్, క్లోజాపిన్... వీటిలో ఏ ఒక్కటీ ఫ్లూ, న్యుమోనియా, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలకి అడ్డు కాదు. ఇవన్నీ ప్రాణం లేని సూక్ష్మజీవులతోనో, వాటిలో ఒక ముక్కతోనో చేసిన టీకాలు. మందు ఆపితే నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే లేని మాటలు వినిపించడం పెరుగుతుంది, అప్పుడు ఇంట్లో అందరూ టీకాని తిడతారు. జరిగేది అదే.

ఇక అసలు విషయం. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే 10 నుంచి 20 ఏళ్లు ముందుగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆత్మహత్యలే కారణం అనుకుంటారు చాలామంది. ఎక్కువ మందిని తీసుకెళ్లేది గుండె జబ్బు, షుగరు, ఊపిరితిత్తుల జబ్బులు, ఇన్‌ఫెక్షన్లు. న్యూయార్క్‌లో కోవిడ్ సోకిన వాళ్ల మీద చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, వయసు, ఇతర జబ్బులు లెక్కలోకి తీసుకున్నాక కూడా స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో చావు అవకాశం రెండున్నర రెట్లకి పైగా తేలింది. బ్రిటన్ అప్పట్లో తీవ్ర మానసిక జబ్బు ఉన్నవాళ్లని టీకా ప్రాధాన్య జాబితాలో ఆరో వర్గంలో చేర్చింది. మన దేశంలో 2021 మార్చి 1 నుంచి 45 దాటినవాళ్లకి టీకా మొదలైనప్పుడు అర్హత కోసం ఇచ్చిన 20 జబ్బుల జాబితాలో స్కిజోఫ్రీనియా, బైపోలార్ లేవు. మేధో వైకల్యం మాత్రం ఉంది. మానసిక ఆసుపత్రుల్లో గుర్తింపు కార్డు లేకుండా ఉన్నవాళ్లకి ఎలా వేయాలో ఆ తర్వాత విడిగా పద్ధతి ఇచ్చారు.

టీకా అందకపోవడానికి "పేషెంటు ఒప్పుకోడు" అన్నది నేను మొదటి కారణంగా తీసుకోను. మొదటి కారణం, అడిగేవాళ్లు లేకపోవడం. సైకియాట్రీ ఓపీలో టీకా మాట రాదు, అది ఫిజీషియన్ పని. ఫిజీషియన్ దగ్గరికి ఇతను ఒంటరిగా వెళ్లడు, వెళ్లినా షుగరు చూసి పంపేస్తారు, "ఆ మందులేవో వాడుతున్నాడుగా, వాళ్లనే అడగండి" అంటారు. ఇంట్లోవాళ్లు అలసిపోయి ఉంటారు, నెల సూదికి తీసుకెళ్లడమే యజ్ఞంలా ఉంటుంది. ఇంత మంది మధ్య ఇది ఎవరి పనీ కాకుండా పోతుంది. బెల్జియంలో ఒక మానసిక ఆసుపత్రి కోవిడ్ టీకాని తన ఆవరణలోనే, తన నర్సుల చేతే ఇప్పిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా వేయించుకున్నారు. అందుకే నా సలహా ఒకటే: టీకా కోసం వేరే రోజు, వేరే చోటు, వేరే ముఖాలు వెతక్కండి. ఆయన ఎలాగూ వచ్చే రోజుకి, నమ్మకం ఉన్న మనిషి దగ్గరికి టీకాని తీసుకురండి. అంటే నెల సూది రోజుకే.

ఏ టీకాలు? మీ అన్నయ్యకి, అంటే షుగరు, పొగ రెండూ ఉన్న మనిషికి, ఇవి.

ఫ్లూ టీకా ఏటా ఒకటి, 0.5 మి.లీ., భుజానికి. పని మొదలవడానికి రెండు వారాలు పడుతుంది. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలి వెళ్లే ముందు ఇంకోసారి పెరుగుతుంది. కాబట్టి ఆ ఏటి కొత్త స్టాకు వచ్చాక, తొలకరికి ముందే వేయిస్తే మంచిది. పెట్టె మీద ఏ సంవత్సరపు టీకానో రాసి ఉంటుంది, పాత స్టాకు అంటగట్టకుండా చూసుకోండి.

న్యుమోనియా టీకా. పీసీవీ20 దొరికితే ఒక్క డోసుతో సరి. దొరక్క పీసీవీ13 వేస్తే, ఏడాది తర్వాత పీపీఎస్‌వీ23 అనే రెండోది వేయాలి. ఆ రెండూ ఒకే రోజు వేయకూడదు. ఏది వేశారో చీటీలో రాయించుకోకపోతే ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండదు, "న్యుమోనియా టీకా అయిపోయింది" అనుకుని వదిలేస్తారు. తరచూ జరిగే పొరపాటు ఇదే.

హెపటైటిస్ బి (లివరుని దెబ్బతీసే వైరస్) టీకా మూడు డోసులు: ఈ రోజు, నెలకి, ఆరు నెలలకి. పెద్దలకి 1 మి.లీ. అంతకుముందు, ఆ వైరస్ ఇప్పటికే ఒంట్లో ఉందేమో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ రక్తపరీక్ష చేయించండి. తీవ్ర మానసిక జబ్బు ఉన్నవాళ్లలో, ముఖ్యంగా హోముల్లో చాలాకాలం ఉన్నవాళ్లలో, మత్తు అలవాటు కూడా ఉన్నవాళ్లలో ఈ వైరస్ ఎక్కువ. 0, 1, 6 అన్న లెక్క నెల సూదికి చక్కగా కుదురుతుంది. మధ్యలో ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి వేయక్కర్లేదు, ఆగిన చోటి నుంచే కొనసాగించాలి. "గ్యాప్ వచ్చింది, వేస్టయిపోయింది" అని చెప్పి మొదటి డోసు మళ్లీ వేసేవాళ్లున్నారు. ఒప్పుకోకండి.

టీడీ, అంటే ధనుర్వాతం, డిఫ్తీరియాలకి కలిపి ఇచ్చేది, పదేళ్లకోసారి. దీనికి మీ అర్బన్ హెల్త్ సెంటర్లో, ఊళ్లో అయితే పీహెచ్‌సీలో అడగండి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు మాత్రం పెద్దవాళ్లకి ప్రభుత్వ కేంద్రాల్లో మామూలుగా ఉండవు, కొనుక్కోవాల్సిందే.

కొనడంలో ఒక కిటుకు. పిల్లల డాక్టర్ల క్లినిక్కుల్లో టీకాలకని విడిగా ఫ్రిజ్, దాంట్లో థర్మామీటరు, కరెంటు పోతే ఇన్వర్టరు ఉంటాయి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఎప్పుడూ కదులుతూ ఉంటాయి కాబట్టి స్టాకు తాజాగా ఉంటుంది. గుంటూరు కొత్తపేటలో గానీ, విజయవాడ సూర్యారావుపేటలో గానీ ముందు ఫోన్ చేసి, పెద్దవాళ్లకి వేస్తారా, ఏ రోజు రమ్మంటారు అని కనుక్కోండి. మందుల షాపులో కొని తీసుకెళ్లాల్సి వస్తే, టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. మే నెల గుంటూరు ఎండలో బండి డిక్కీలో పెట్టుకుని అరగంట తిరిగితే దాన్ని నమ్మలేం. అలాగని ఐసు ముక్కల మధ్య నేరుగా కూర్చోబెట్టినా పాడవుతుంది. ఫ్లూ, హెపటైటిస్ బి, టీడీ, పీసీవీ గడ్డకడితే పనికిరావు. గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాకు, దాని పక్కన అట్టపెట్టెతో సహా టీకా, మూత బిగుతుగా ఉన్న ఫ్లాస్కు లేదా థర్మోకోల్ పెట్టె. ఇంట్లో రాత్రి ఉంచాల్సి వస్తే ఫ్రిజ్ మధ్య అరలో, డోర్‌లో వద్దు, డీప్ ఫ్రీజర్‌లో అసలే వద్దు. బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉండాలి.

ఇప్పుడు మాట్లాడే పద్ధతి. దీని మీదే అంతా ఆధారపడి ఉంది.

"వద్దు" అన్న ప్రతిసారీ అది నిర్ణయం కాదు. స్కిజోఫ్రీనియాలో దేనికీ లేవబుద్ధి కాకపోవడం జబ్బులో భాగం. స్నానానికి వద్దు, అన్నానికి వద్దు, టీకాకి వద్దు, మూడూ ఒకే గొంతుతో వస్తాయి. పైగా రాత్రి ఒలాంజాపిన్ వేసుకున్న మనిషిని పొద్దున ఏడింటికి లేపి అడిగితే ఏ ప్రశ్నకైనా అదే జవాబు. పదకొండు దాటాక, టిఫినూ టీ అయ్యాక, టీవీ కట్టేసి, ఒక్కరే కూర్చుని అడగండి. అమ్మ, వదిన, మీరు ముగ్గురూ చుట్టూ చేరితే అది విచారణలా ఉంటుంది. ఒక్కో మాట ఒక్కోసారి చెప్పండి:

"అన్నయ్యా, వానాకాలంలో జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగకుండా ఒక టీకా ఉంది. షుగరు ఉన్నవాళ్లని వేయించుకోమంటున్నారు. చేతికి వేస్తారు. ఒక రోజు చెయ్యి నొప్పి పెడుతుంది. నీకేమనిపిస్తోంది?"

తర్వాత ఆగండి. పది క్షణాలు నిశ్శబ్దంగా ఉంటే ఉండనివ్వండి, ఆలోచన నెమ్మదిగా కదులుతుంది.

"దాంట్లో చిప్ పెడతారు", "విషం" అన్నాడనుకోండి. వాదించొద్దు, అవునని కూడా అనొద్దు. "నీకు భయంగా ఉందని తెలుస్తోంది. నాకు తెలిసినంతలో దాంట్లో అలాంటిదేమీ లేదు. పెట్టె నువ్వే విప్పి చూస్తావా?" అనండి. ఫ్లూ టీకా చాలావరకు మందు నింపిన సిరంజితోనే, సీలు వేసిన పెట్టెలో వస్తుంది. నర్సుకి ముందే చెప్పి ఆ సీలు ఆయన చేత్తోనే తీయించండి, పేరు, గడువు తేదీ ఆయన్నే చదవమనండి. అనుమానం ఉన్న మనిషికి ఈ ఒక్క పని చేసే మేలు మన ఉపన్యాసాలు చేయవు. ఏ చెయ్యి, ఈ నెలా వచ్చే నెలా, తోడు ఎవరు రావాలి, ఈ మూడూ ఆయనకే వదిలేయండి. రెండు టీకాలు ఒకే రోజు రెండు చేతులకి వేయొచ్చు గానీ, ఆయన బెదురుతుంటే ఈ నెల ఒకటి, పై నెల ఒకటి.

చట్టం కూడా ఇక్కడ ఆయన వైపే ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన నిర్ణయం తీసుకోలేడని అనుకోకూడదు. ఆ చట్టం చెప్పే కొలత మానసిక చికిత్సకి సంబంధించింది, టీకా మామూలు వైద్యం. అయినా ఆ కొలతే ఇక్కడా బాగా పనికొస్తుంది: విషయం అర్థమైందా, వేయించుకుంటే ఏమవుతుందో లేకపోతే ఏమవుతుందో తెలిసిందా, తన నిర్ణయం మాటతోనో సైగతోనో చెప్పగలుగుతున్నాడా. "ఇది దేనికి వేసే టీకా?" అని తిరిగి ఆయన్నే అడిగితే తెలిసిపోతుంది. "జ్వరం రాకుండా. కానీ నాకు సూదంటే చిరాకు, వద్దు" అంటే అది తెలిసి చెప్పిన వద్దు. గౌరవించి, రెండు నెలల తర్వాత మళ్లీ అడగండి. "సూది వేస్తే నా మనసులోది పోలీసులకి వినబడుతుంది" అంటే అది జబ్బు మాట్లాడటం. అప్పుడు చేయాల్సింది చేతులు పట్టుకుని వేయించడం కాదు, ఆ మాట సైకియాట్రిస్టుకి చెప్పడం, మందు సరిచేసి నెమ్మదించాక మళ్లీ అడగడం. ఫ్లూ టీకాకి నెల రోజులు ఆగితే కొంప మునిగేదేం లేదు. వార్డులో చేరినవాళ్లకైతే డిశ్చార్జి అయ్యే రోజు మంచి అదను. మనిషి తేరుకుని ఉంటాడు, నర్సు పరిచయమై ఉంటుంది.

వేయించే రోజు. ఏదో ఒకటి తిని రావాలి, మామూలు మాత్రలు మామూలు వేళకే వేసుకోవాలి, భుజం దాకా మడతపడే చొక్కా వేసుకోవాలి. మందుల చీటీ జిరాక్సు ఒకటి జేబులో ఉండాలి. ఒళ్లు కాలే జ్వరం ఉంటే వాయిదా వేయండి, ముక్కు కారితే ఫర్వాలేదు. ఎండలో క్యూ వద్దు: టీహెచ్‌పీ చెమట పట్టకుండా చేస్తుంది, ఒళ్లు చల్లబడదు. జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, నెల సూదికి ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే టీకా సంగతి నర్సుకి చెప్పి, అక్కడే వేస్తారా, బయట వేయించుకోవాలా తేల్చుకోండి. బయటైతే నెల సూది అయిన వెంటనే, ఇంటికెళ్లకుండా నేరుగా వెళ్లండి. ఇంటికెళ్లి పడుకున్నాక మళ్లీ బయల్దేరదీయడం మీ వల్ల కాదు.

నెల సూది తుంటికి, టీకా భుజానికి. ఒకే రోజు వేయొచ్చు. చేయి అలవాటులో టీకా కూడా తుంటికే పొడిచేస్తుంటారు, ముఖ్యంగా ఊళ్లల్లో నెల సూది ఇంటికొచ్చి వేసే ఆర్‌ఎంపీలు. తుంటి దగ్గర కొవ్వు మందంగా ఉంటుంది, టీకా కండకి చేరదు. హెపటైటిస్ బి అలా వేస్తే రక్షణ సరిగ్గా రాదని ఎప్పుడో తేలింది. నెల సూదే భుజానికి వేసే రకం (పాలిపెరిడోన్ లాంటివి) అయితే టీకా రెండో భుజానికి. ఇంకో సంగతి, ఒలాంజాపిన్, క్లోజాపిన్ వాడేవాళ్లు బరువు పెరుగుతారు. మామూలుగా వాడే 25 మి.మీ. సూది 90 కిలోలు దాటిన ఆడవాళ్లలో, 118 దాటిన మగవాళ్లలో కండదాకా పోదు, 38 మి.మీ. సూది కావాలి. భుజం ఎముక అంచు నుంచి రెండు మూడు వేళ్ల కిందుగా, కండ బాగా ఉన్న చోట వేయాలి. మరీ పైన వేస్తే కీలుకి తగిలి నెలల తరబడి చెయ్యి లేవదు. వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లకి ప్లేట్‌లెట్లు తగ్గే అవకాశం ఉంది కాబట్టి సన్నసూది వాడి, తీశాక రుద్దకుండా రెండు నిమిషాలు అదిమి పట్టాలి.

వేశాక 15 నిమిషాలు కూర్చోబెట్టండి, ఏ మందుకైనా ముందెప్పుడైనా ఎలర్జీ వచ్చి ఉంటే 30. ఈ మందుల్లో చాలావాటికి లేచి నిలబడగానే బీపీ పడిపోయే గుణం ఉంది, దానికి సూది భయం తోడైతే కళ్లు తిరిగి పడిపోతారు. అది ఎలర్జీ కాదు: నాడి నెమ్మదిగా ఉంటుంది, పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెడితే తేరుకుంటారు. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం, నాడి వేగంగా కొట్టుకోవడం అయితే అసలు ఎలర్జీ. వెంటనే తొడ బయటివైపు కండలోకి 0.5 మి.లీ. అడ్రినలిన్, 1:1000 ది. "సైకియాట్రీ మందుల మీద ఉన్నవాళ్లకి అడ్రినలిన్ వేయకూడదు" అని కొందరు తటపటాయిస్తారు. క్లోర్‌ప్రోమజిన్, క్లోజాపిన్ లాంటివి అడ్రినలిన్ పనిని కొంత తారుమారు చేయొచ్చన్నది నిజమే, అయినా అనాఫిలాక్సిస్‌లో, అంటే ఇలాంటి ప్రాణాంతక ఎలర్జీలో, అదే వేయాలి, సెలైన్ సిద్ధంగా ఉంచుకుని. చేతుల వణుకుకని ప్రొప్రనొలాల్ వాడుతుంటే ముందే చెప్పండి, అది అడ్రినలిన్‌ని సరిగ్గా పని చేయనివ్వదు. అడ్రినలిన్ ఆంప్యూల్ లేని చోట టీకా వేయించుకోవద్దు.

తర్వాతి రెండు రోజులు. చెయ్యి నొప్పి, ఒళ్లు నొప్పులు, కాస్త వెచ్చబడటం మామూలే, పారాసిటమాల్ 500 లేదా 650 చాలు. 48 గంటలు దాటినా తగ్గని జ్వరాన్ని టీకా ఖాతాలో వేయకండి. జ్వరంతో పాటు ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయి, చెమటలు పట్టి, మాట తడబడి, మనిషి అయోమయంగా ఉంటే అది న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కావచ్చు. సైకియాట్రీ మందుల వల్ల అరుదుగా వచ్చే ప్రమాదం, టీకాది కాదు. నెల సూది, టీకా ఒకే రోజు వేయించారు కాబట్టి ఇంట్లోవాళ్లు "టీకా జ్వరమేలే" అని ఊరుకునే అవకాశం ఉంది, అందుకే నొక్కి చెబుతున్నాను. ఆ స్థితిలో క్లినిక్కుల చుట్టూ తిరగొద్దు, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి. మందుల చీటీ చూపించి సీపీకే (కండరాలు దెబ్బతింటున్నాయేమో చెప్పే రక్తపరీక్ష) చేయమని అడగండి.

లిథియం వాడే అమ్మగారి గురించి. టీకాతో లిథియానికి గొడవ లేదు. గొడవంతా ఆ తర్వాత మనం ఇచ్చే నొప్పి మాత్రతో, ఒంట్లో నీళ్లు తగ్గడంతో. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ ఇవన్నీ కిడ్నీ ద్వారా లిథియం పోకుండా ఆపుతాయి, రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. మందుల షాపువాడు "జ్వరానికీ నొప్పికీ కలిపి" అని ఇచ్చే మాత్రల్లో పారాసిటమాల్ పక్కన ఎసిక్లోఫెనాకో ఐబూప్రొఫెనో ఉండొచ్చు, అట్ట వెనక చదవండి. ఒట్టి పారాసిటమాలే ఇవ్వండి. రోహిణీ కార్తెలో కాకుండా కాస్త చల్లబడ్డ రోజు చూసి, పొద్దున్నే వేయించండి. నీళ్లు, మజ్జిగ మామూలుగా తాగాలి, ఉప్పు ఒక్కసారిగా తగ్గించకూడదు. చేతులు పెద్దగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి లిథియం మాత్ర వేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మాత్ర ఆపమన్నది ఈ విషలక్షణాలు కనిపించినప్పుడే, టీకా కోసం కాదు. మామూలుగా లిథియం లెవెల్ పరీక్షకి చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలి. 0.6 నుంచి 1.0 మధ్య ఉంటే నిశ్చింత, 1.5 దాటితే ప్రమాదం. విషలక్షణాలుంటే 12 గంటలదాకా ఆగొద్దు.

క్లోజాపిన్ బాబు. టీకా వేయించండి, కానీ మందు మొదలుపెట్టిన తొలి రెండు నెలల్లో ఉంటే, తొందర లేని టీకాలని కొంచెం వెనక్కి జరపడం మేలు. ఆ రోజుల్లో క్లోజాపిన్ వల్లే జ్వరం రావచ్చు, అరుదుగా గుండె కండరం వాయొచ్చు. అదే సమయంలో టీకా జ్వరం తోడైతే ఏది ఏదో తేల్చుకోలేం. నిలకడపడ్డవాళ్లకి ఈ ఇబ్బంది లేదు. క్లోజాపిన్‌కి ఎలాగూ చేయించే రక్తకణాల పరీక్ష తేదీకే టీకా కలపండి. టీకా తర్వాత జ్వరంతో పాటు గొంతు నొప్పి, నోట్లో పుళ్లు ఉంటే ఆగకుండా సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించాలి, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 1500 కంటే తగ్గితే అదే రోజు డాక్టరుకి చెప్పాలి. ఒంట్లో ఇన్‌ఫెక్షన్, జ్వరం ఉన్నప్పుడు లివరు క్లోజాపిన్‌ని నెమ్మదిగా అరగదీస్తుంది, మోతాదు మారకుండానే రక్తంలో పెరుగుతుంది. జ్వరంతో పడుకుని సిగరెట్లు మానేసినా అంతే, పొగ ఆ మందుని త్వరగా అరగదీసేది కాబట్టి. విపరీతమైన మత్తు, చొంగ ఎక్కువ కారడం, తూలడం కనిపిస్తే దానికి గుర్తు. టీకా తర్వాత ఇది అరుదు, అసలు ఫ్లూ వస్తే మాత్రం చాలా ఎక్కువ. కాబట్టి క్లోజాపిన్ వాడేవాళ్లకి ఫ్లూ టీకా అవసరం ఇంకా పెరుగుతుందే గానీ తగ్గదు. కరెంట్ చికిత్స, అంటే ఈసీటీ, నడుస్తున్నవాళ్లకి టీకాకీ తర్వాతి ఈసీటీకీ మధ్య రెండు రోజులు వదిలితే మత్తు డాక్టరుకి జ్వరం పేచీ ఉండదు.

చీటీ సంగతి. ప్రైవేటులో పెద్దవాళ్లకి వేసిన టీకా మళ్లీ వెతికితే దొరికేలా ఎక్కడా నమోదవుతుందని అనుకోకండి. సైకియాట్రీ ఓపీ పుస్తకం మొదటి పేజీ లోపల ఒక కాగితం అతికించి టీకా పేరు, తేదీ, బ్యాచ్, ఏ చెయ్యి, తర్వాతి తేదీ రాయండి. ఆ పుస్తకం ప్రతి నెలా నర్సు చేతిలోకి వెళ్తుంది, రెండో డోసు సంగతి ఆమెకి కనబడుతుంది. విడిగా ఇచ్చే టీకా కార్డులు పోతాయి. ఏదైనా తేడా చేస్తే వేసిన చోట చెప్పడమే కాక 1800-180-3024కి ఫోన్ చేసి మందుల దుష్ప్రభావాల కింద నమోదు చేయించవచ్చు. లేని మాటలు వినిపించడం పెరగడం, నిద్ర లేకపోవడం లాంటి మానసిక ఇబ్బందికి టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

హోముల్లో ఉన్నవాళ్ల విషయంలో ఒక్క మాట: యాభై మంది తరఫున మేనేజరు ఒక్క సంతకం పెట్టేస్తే అది సమ్మతి కాదు. ఎవరికి వాళ్లని అడగాలి, అడిగినట్టు ఎవరి కాగితంలో వాళ్లకి రాయాలి.

ఇంతవరకు చెప్పిన "ఆగండి, మళ్లీ అడగండి" అన్నదంతా వర్తించనిది ఒకటుంది, కుక్క కాటు. రాత్రిళ్లు బయట తిరిగే అలవాటున్న పేషెంటు కరిచిందని చెప్పకపోవచ్చు, గాయం నొప్పిని కూడా పట్టించుకోకపోవచ్చు. ప్యాంటు చిరిగి ఉందా, పిక్కల మీద గాట్లున్నాయా అని ఇంట్లోవాళ్లే చూసుకోవాలి. కనిపిస్తే సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. రేబిస్ టీకా చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, ప్రతిసారీ రెండు భుజాలకీ 0.1 మి.లీ. చొప్పున. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే సూది) కూడా. ఏ సైకియాట్రీ మందూ దీనికి అడ్డు కాదు. జబ్బు ముదిరి ఉండి ససేమిరా అంటే ఇంటికి తిరిగి తీసుకురాకండి. డ్యూటీ డాక్టరుని, సైకియాట్రీ విభాగాన్ని అక్కడికక్కడే కలిపి మాట్లాడించండి. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, నామినేటెడ్ ప్రతినిధి (చట్టప్రకారం పేషెంటు తరఫున నిలబడే మనిషి) అందుబాటులో ఉంటే వాళ్ల సమ్మతితో, అత్యవసర వైద్యం చేయడానికి అదే 2017 చట్టంలోని సెక్షన్ 94 వీలిస్తుంది. అది గరిష్ఠంగా 72 గంటల వరకే. అంటే 0, 3 రోజుల డోసులు ఆ హడావుడిలో పడినా 7, 28 రోజుల వాటికి ఆయన ఒప్పుకుని రావాలి. ఆ మధ్య రోజుల్లో మందు సరిచేయించి, మాట్లాడి ఒప్పించే పని మొదలుపెట్టాలి, వీలైతే 28వ రోజు డోసుని నెల సూది తేదీతో కలిపేయండి.